దెబ్బ ఎవరికి తగిలింది: ఓషిమా సినిమా, జపాన్ చట్టం, ఇద్దరు నటులు

సభకు నమస్కారం.

జపాన్ దర్శకుడు నగీసా ఓషిమా 1976లో తీసిన ‘ఐ నో కొరీదా’లో శృంగారం నటన కాదు, నిజం. ఆ సినిమా ప్రస్తావన వస్తే చాలు, అది కళా, బూతా అన్న వాదన మొదలవుతుంది. తేలకుండానే పొద్దుపోతుంది. ఈ సాయంత్రం ఆ వాదన పక్కన పెట్టి, ఆ సినిమా మీద పడిన నిషేధాల భారం ఎవరు మోశారో చూద్దాం.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ప్రభుత్వ బోర్డు సర్టిఫికెట్ ఇస్తేనే బొమ్మ పడుతుంది. ముందస్తు సెన్సారు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. జపాన్ సంగతి వేరు. అక్కడి రాజ్యాంగం 21వ అధికరణం సెన్సారునే నిషేధించింది. సినిమా చూసి ఇది కోయండి, అది మార్చండి అని చెప్పే ‘ఎయిరిన్’ 1949లో పరిశ్రమ తనంతట తాను పెట్టుకున్న సంస్థ. అయినా జపాన్ నిర్మాతలు మనవాళ్ల కంటే ధైర్యంగా ఉండలేకపోయారు. కారణం శిక్షాస్మృతి 175వ సెక్షన్. అశ్లీలమైనవాటిని పంచినా, అమ్మినా, బహిరంగంగా ప్రదర్శించినా నేరమంటుంది. అశ్లీలమంటే ఏమిటో మాత్రం చెప్పదు. పైగా ఎయిరిన్ ఆమోదం ఉన్నా పోలీసులు రావచ్చు. 1972లో నిక్కత్సు కంపెనీ సినిమాల మీద కేసు పెట్టినప్పుడు వాటిని ఆమోదించిన ఎయిరిన్ పరిశీలకులను కూడా నిందితులుగా చేర్చారు. తామే బోనెక్కాల్సి వస్తుందనుకున్న పరిశీలకుడు చట్టం అడిగిన దానికన్నా ఎక్కువే కోస్తాడు.

ఆ సెక్షన్‌లో పంచడం ఉంది, అమ్మడం ఉంది, ప్రదర్శించడం ఉంది. తీయడం లేదు. ఓషిమా పథకమంతా ఆ ఖాళీలోంచి పుట్టింది.

పారిస్ నిర్మాత అనతోల్ దోమాన్ డబ్బు పెట్టారు. జపాన్ వైపు పనులు కోజి వకామత్సు చూసుకున్నారు. ముడి ఫిల్ము ఫ్రాన్స్ నుంచి తెప్పించి, క్యోటోలోని స్టూడియోలో తలుపులు మూసుకుని షూటింగ్ చేశారు. ఎక్స్‌పోజ్ అయిన నెగెటివ్‌ను అక్కడ కడగలేదు. కడిగితే దాని మీద బొమ్మ తేలుతుంది, ల్యాబ్‌లో ఎవరో ఒకరి కంట పడుతుంది. కడగని డబ్బాలను అలాగే ఫ్రాన్స్‌కు పంపి అక్కడి ల్యాబ్‌లో డెవలప్ చేయించారు. దాంతో అది కాగితాల మీద ఫ్రెంచ్ సినిమా అయింది. జపనీస్ దర్శకుడు, జపనీస్ నటులు, జపనీస్ భాష, 1936లో టోక్యోలో ప్రియుణ్ని చంపి అంగం కోసుకెళ్లిన అబే సదా అనే ఆమె ఉదంతం, ఇన్ని ఉన్నా అది స్వదేశానికి దిగుమతి సరుకుగా రావాల్సి వచ్చింది.

ఈ పద్ధతికి మూల్యం ఉంది. కడగకుండా పంపారంటే రషెస్, అంటే ఆ రోజు తీసిన షాట్లు, వెంటనే చూసుకునే వీలు లేదన్నమాట. ఫోకస్ తప్పిందా, లైటు సరిపోయిందా అన్నది తేలేది వేరే దేశంలో, ఆలస్యంగా. అంతకంటే పెద్ద సమస్య తిరుగు ప్రయాణంలో ఎదురైంది. దిగుమతి సరుకును కస్టమ్స్ ఆపగలదు. 1976 అక్టోబరులో జపాన్ ప్రేక్షకులు చూసినది కొన్ని షాట్లు తీసేసి, మిగతా చోట్ల మసక పూసిన ప్రింటు. 2000లో మళ్లీ విడుదల చేసినప్పుడు తీసేసిన భాగాలు చాలావరకు తిరిగొచ్చాయి, మసక మాత్రం పోలేదు.

మసక పూయడం కోత కంటే తక్కువ హాని అనుకుంటారు. నా లెక్కలో ఈ సినిమాకు అదే ఎక్కువ హాని చేసింది. మసక ఉన్నచోటికే కన్ను పరుగెడుతుంది. నటి ముఖంలో ఏం జరుగుతోందో, గదిలోకి వచ్చిన పనిమనిషి ఎటు చూస్తోందో గమనించాల్సిన క్షణంలో ప్రేక్షకుడు ఆ మరక వెనక ఏముందోనని వెతుక్కుంటాడు. అంటే సెన్సారు ఏ చూపును తప్పంటుందో ఆ చూపునే అలవాటు చేస్తోంది.

బయటి దేశాల్లోనూ గొడవ తప్పలేదు. 1976లోనే బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రింటును అధికారులు స్వాధీనం చేసుకున్నారు. న్యూయార్క్ ఉత్సవంలో కస్టమ్స్ ప్రదర్శనను అడ్డుకుంది. జపాన్‌లో అసలు కేసు మాత్రం సినిమా మీద నడవలేదు. స్క్రిప్టు, స్టిల్ ఫొటోలతో వచ్చిన పుస్తకం మీద 175 ప్రయోగించి ఓషిమాను, ప్రచురణకర్తను కోర్టుకీడ్చారు. అసలు అశ్లీలమైతే తప్పేమిటని ఓషిమా ఎదురు ప్రశ్న వేశారు. 1979లో టోక్యో జిల్లా కోర్టు, 1982లో హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులన్నాయి. సెక్షన్ చెక్కు చెదరలేదు.

ఓషిమాకు ఈ కేసు పేరే తెచ్చింది. 1978లో తన తర్వాతి సినిమా ‘ఐ నో బోరే’కి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నారు.

నటుల సంగతి వేరు. కెమెరా ముందు నటించినందుకు సదాగా వేసిన ఎయికో మత్సుదా మీద గానీ, ప్రియుడిగా వేసిన తత్సుయా ఫుజి మీద గానీ చట్టం చెయ్యి పడలేదు. శిక్ష పరిశ్రమ వేసింది, అదీ సమానంగా కాదు. ఫుజి అప్పటికే నిక్కత్సు యాక్షన్ సినిమాల్లో స్థిరపడ్డ మనిషి. కొంతకాలం పని ఆగినా, ఓషిమా తన తర్వాతి సినిమాలోనే మళ్లీ ముఖ్య పాత్ర ఇచ్చారు. 2023లో సాన్ సెబాస్తియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటన బహుమతి పంచుకున్నప్పుడు ఆయన వయసు 80 దాటింది.

మత్సుదా 1952లో పుట్టారు. ప్రయోగ నాటకరంగం నుంచి వచ్చారు. షూటింగ్ నాటికి వెనక స్టూడియో లేదు, పేరున్న సినిమాలు లేవు. తర్వాత కొద్దిపాటి సినిమాలు, 1982లో ఒక ఫ్రెంచ్ సినిమా, అంతే. 2011లో చనిపోయారు. ఇంత కష్టమైన పాత్రను మోసిన నటికి ఆ దేశ సినిమా నిలదొక్కుకునే చోటు ఇవ్వలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కథ వల్లే అలా జరిగిందనడానికి వీల్లేదు. అదే అబే సదా పాత్రను 1975లో నిక్కత్సు సినిమాలో జున్కో మియాషితా వేశారు. అది ఎయిరిన్ గీత దాటకుండా, శృంగారాన్ని నటనగానే చూపించిన సినిమా. ఆమెకు ఆ తర్వాత కూడా ముఖ్య పాత్రలు దొరికాయి. ‘ఐ నో బోరే’లో ఫుజి సరసన వేసిన కజుకో యోషియుకి రంగస్థలం మీద పేరున్న నటి. ఆమె కెరీర్ దశాబ్దాల పాటు సాగింది. తేడా రెండు చోట్ల ఉంది: తెర మీద జరిగింది నటనా, నిజమా అన్నది ఒకటి, నటికి అంతకుముందే నిలబడే చోటు ఉందా లేదా అన్నది రెండోది. మత్సుదాకు రెండూ ఎదురు తిరిగాయి. ఫుజికి రెండోది కలిసొచ్చింది, మొదటిది ఆయనకూ వర్తించినా ఆయన్ను ముంచలేదు. మగవాడు కావడం దానికి పెద్ద కారణమనే నా అభిప్రాయం.

2022లో జపాన్ అడల్ట్ వీడియోల్లో నటించేవారి కోసం ఒక చట్టం చేసింది. ఒప్పందం చేతికిచ్చాక నెల రోజులు ఆగనిదే షూటింగ్ చేయకూడదు. షూటింగ్ అయ్యాక 4 నెలలు గడవనిదే విడుదల చేయకూడదు. విడుదలయ్యాక కూడా ఏడాది లోపు నటి కారణం చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ చట్టం వర్తించేది మొత్తం మీద కామోద్రేకం కోసమే తీసిన వీడియోలకు. మా సినిమా అందుకోసం తీసింది కాదు, ఇది కళ అని దర్శకుడు ఎంత గట్టిగా నిరూపించుకుంటే అతని నటికి ఆ రక్షణ అంత దూరమవుతుంది.