తోలుకూ కండకూ నడుమ: సంయోజక కణజాలంలోని కణాలు

(దృశ్యం: ఆదివారం ఉదయం, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక మాంసం కొట్టు. మేకపోతు తోలు వలుస్తున్న చేతులు, బాగా దగ్గరగా.)

వ్యాఖ్యానం: తోలు వలిచేటప్పుడు కత్తికి పని తక్కువ, పిడికిలితో నెడుతూ పోతే చాలావరకు ఊడివస్తుంది. ఊడే చోట సాలెగూడులా సాగుతున్న ఆ తెల్లని పల్చని పొరే వదులు సంయోజక కణజాలం. మన చర్మం కిందా ఇదే ఉంటుంది. బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మన గజపతి, రాయగడ జిల్లాల పిల్లలు దీన్ని "అవయవాలను కలిపి ఉంచేది" అన్న ఒక్క ముక్కతో వదిలేస్తారు. నిజానికి కలిపి ఉంచేవి ఇందులోని కణాలు కావు, ఆ కణాలు తయారు చేసిన తంతువులు.

(దృశ్యం: సూక్ష్మదర్శినిలో గులాబీ రంగు తంతువులు, వాటి నడుమ దూరదూరంగా కణాలు.)

కదురులా రెండు కొసలా సన్నబడిన ఈ కణాలు ఫైబ్రోబ్లాస్టులు. మన ఒంట్లోని మొత్తం ప్రోటీన్లలో సుమారు 25 నుంచి 30 శాతం ఉండే కొల్లాజెన్‌ను ఈ కణజాలంలో ప్రధానంగా తయారు చేసేవి ఇవే. కొల్లాజెన్ అణువు మూడు పేటలు పేనిన తాడు లాంటిది. ఆ పేటలు గట్టిగా నిలవాలంటే విటమిన్ సి కావాలి. అది నెలల తరబడి అందకపోతే చిగుళ్ళు నెత్తురోడుతాయి, గాయాలు సరిగా మానవు. దానినే స్కర్వీ అంటారు. వరికోతలో కొడవలి తగిలి వేలు తెగినప్పుడు కొన్ని ఫైబ్రోబ్లాస్టులు సంకోచించే గుణం సంతరించుకొని, గాయం అంచులను దగ్గరకు లాగుతాయి. చివరికి మిగిలే మచ్చలో ఎక్కువ భాగం కొల్లాజెనే.

(దృశ్యం: కందిరీగ కుట్టి ఉబ్బిన ముంజేయి.)

నిమిషాల్లో ఈ వాపు, ఈ దురద రావడానికి ముఖ్య కారణం రక్తనాళాల పక్కన కాచుకొని ఉండే మాస్ట్ కణాలు. వాటి రేణువుల్లోని హిస్టమిన్ అనే రసాయనం బయటపడగానే నాళాలు వెడల్పై, వాటి గోడల గుండా ద్రవం ఊరుతుంది. అలెర్జీకి వేసుకునే సెట్రిజిన్ మాత్ర ఆ హిస్టమిన్‌ను తుడిచివేయదు, కణాల మీద అది తగులుకొని పనిచేసే చోట్ల, అంటే గ్రాహకాల దగ్గర, అడ్డు నిలుస్తుంది. 1878లో ఈ కణాలను వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, రేణువులతో కిక్కిరిసి ఉన్నందున ఇవి బాగా మేసినవని భావించి, జర్మన్‌లో మేపడం అనే అర్థమున్న "మాస్ట్" అన్న మాటతో ఆ పేరు పెట్టారు. ఊహ తప్పిపోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది.

నిజంగా మేసేవి మాక్రోఫేజ్‌లు. నెత్తురులోని మోనోసైట్లు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు కణజాలంలోకి చేరి ఇలా మారి, సూక్ష్మజీవులనూ చచ్చిన కణాలనూ మింగుతాయి. ఇలా మింగే కణాలను 1882లో నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి గమనించిన రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్‌కు, 1908లో నోబెల్ బహుమతి అదే ఎర్లిక్‌తో కలిపి దక్కింది. రోగక్రిములను పట్టే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) విడుదల చేసే ప్లాస్మా కణాలు కూడా ఇక్కడే, ముఖ్యంగా పేగుల గోడల్లో, కనిపిస్తాయి.

(దృశ్యం: కొట్టులో పక్కన పెట్టిన తెల్లని కొవ్వు ముక్క, తరువాత స్లైడు మీద ఖాళీ గుండ్రాలు.)

కొవ్వు కణంలో ఒకే పెద్ద కొవ్వు బొట్టు చోటంతా ఆక్రమించి, కేంద్రకాన్ని అంచుకు నెట్టడంతో అది రాయి పొదిగిన ఉంగరంలా ఉంటుంది. స్లైడు తయారీలో వాడే ద్రావకాలు ఆ కొవ్వును కరిగించివేస్తాయి కాబట్టి, ప్రాక్టికల్ పరీక్షలో మీకు కనిపించే తెల్లని గుండ్రం ఖాళీ స్థలం కాదు, కొవ్వు కరిగిపోయిన కణం.