కోర్సేర్‌కి మురికి ఎక్కడ పట్టాలి? ఫ్లైట్ సిమ్ వెదరింగ్

హాయ్ అండీ అందరికీ, ఇవాళ సబ్‌స్టెన్స్ పెయింటర్‌లో (3డీ మోడల్స్‌కి రంగులు వేసే సాఫ్ట్‌వేర్) ఫ్లైట్ సిమ్ కోసం మన కోర్సేర్‌ని, అంటే 1943లో సాలమన్ దీవుల్లో తిరిగిన అమెరికా యుద్ధవిమానం ఎఫ్‌4యు-1ని, బాగా వాడేసిన బండిలా చేద్దాం, దీన్నే వెదరింగ్ అంటారు.

ముందే చెప్తున్నా, ఆ గ్రంజ్ స్మార్ట్ మెటీరియల్, అంటే రెడీమేడ్ మురికి, లాగి మోడల్ మొత్తం మీద పడేయకండి. అరుగుదలని తనంతట తనే గీసే జనరేటర్‌కి ఏం తెలుసు పాపం, ప్రతి అంచునీ ఒకేలా గీకేస్తుంది. సిటీ బస్సు ఎక్కేటప్పుడు చూడండి, ఫుట్‌బోర్డ్ దగ్గర పట్టుకునే రాడ్ తళతళా మెరుస్తుంటుంది, జానెడు పక్కన పెయింట్ మాత్రం అలానే ఉంటుంది. చెయ్యి పడ్డ చోటే అరుగుతుంది. కోర్సేర్‌లోకి పైలట్ ఎక్కేది కుడి వైపు నుంచి, కాబట్టి కుడి రెక్క మొదట్లో గట్టిగా అరగదీయండి, ఎడమ వైపు మెకానిక్‌లు తొక్కినంత చాలు.

ఇప్పుడు నా పరువు నేనే తీసుకుంటా. ఫస్ట్ టైమ్ చేసినప్పుడు రెక్కలంతా సిల్వర్ చిప్స్ (పెయింట్ ఊడి మెటల్ కనిపించే మచ్చలు) కొట్టేసి, అబ్బ ఏం చేశాన్రా అనుకున్నా, తర్వాత తెలిసింది ఏంటంటే ఆ బయటి రెక్కల్లో మెయిన్ స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) వెనక భాగం అంతా గుడ్డే! రడ్డర్, ఎలివేటర్లు కూడా గుడ్డే. గుడ్డ చిరిగితే అల్యూమినియం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. ఎఫ్‌4యు-5 వచ్చాకే ఆ రెక్కలకి మెటల్ తొడిగారు. అందుకే ముందు ఆ ఏరియాకి వేరే మాస్క్ (ఎఫెక్ట్ ఎక్కడ పడాలో చెప్పే హద్దు) గీసుకోండి, అక్కడ చిప్స్ వద్దు, రంగు వెలిసిపోవడం ఒక్కటే.

నాకు బాగా ఇష్టమైన చోటు కాక్‌పిట్ ముందు. అక్కడ 237 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది, అది కారి పెట్రోల్ విండ్‌షీల్డ్ మీదకి కొట్టేది, అందుకని ప్యానెల్ అతుకుల మీద టేపు అంటించేవాళ్లు. పాత ఫోటోల్లో ముక్కు మీద కనిపించే తెల్ల గీతలు అవే. టేపు అంచులు కొంచెం వంకరగా, ఒకట్రెండు చోట్ల లేచినట్టు గీయండి, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే చచ్చిపోద్ది. ఎగ్జాస్ట్ మసి పైకి కాదు, కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు) కింద నుంచి పొట్ట మీదుగా వెనక్కి పోవాలి, గాలి పోయే దిక్కున. చక్రాల దగ్గర తెల్ల దుమ్ము, ఎందుకంటే అక్కడి రన్‌వేలు పగడపు రాయి పొడి చేసి పరిచినవి.

రంగు వేసి ఆపేస్తే మాత్రం స్టిక్కర్‌లానే ఉంటుంది. అసలు పని రఫ్‌నెస్‌లో ఉంది, అంటే పైభాగం ఎంత గరుకో చెప్పే విలువ, అది పెరిగితే మెరుపు తగ్గుతుంది. ఎండకి వెలిసిన నీలానికి రఫ్‌నెస్ పెంచండి, మసికి ఇంకా పెంచండి, తాజాగా కారిన ఆయిల్‌కి బాగా తగ్గించండి, అప్పుడే తడిగా మెరుస్తుంది. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో కాంప్ టెక్స్‌చర్ (మూడు మ్యాప్‌లు కలిపి పెట్టిన ఒకే ఇమేజ్) ఉంటుంది కదా, దాంట్లో రెడ్ ఛానెల్ ఆక్లూజన్ (సందుల్లో నీడ), గ్రీన్ రఫ్‌నెస్, బ్లూ మెటాలిక్ (ఎక్కడ మెటల్ అనేది), గ్రీన్‌కీ బ్లూకీ తారుమారు చేశారో విమానం స్టీలు గిన్నెలా తయారవుతుంది.

డీడీఎస్ ఇమేజ్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేశాక లేఅవుట్ జేసన్ ఫైల్ (ప్యాకేజీలోని ఫైళ్ల లిస్టు) అప్‌డేట్ చేయడం మర్చిపోకండి, లేదంటే లివరీ, అంటే మీరు వేసిన ఈ పెయింట్, లోడే అవ్వదు, గంటసేపు తల పట్టుకుంటారు. లోడ్ అయ్యాక టైమ్ సాయంత్రం ఐదున్నరకి పెట్టి, డ్రోన్ కెమెరా రెక్క పక్కకి దించండి. ఏటవాలు వెలుగులో ఆ ఆయిల్ చార మెరవట్లేదా, వెనక్కెళ్లి రఫ్‌నెస్ ఇంకొంచెం తగ్గించండి.