కాణిపాకం పోదామని బయల్దేరి రోజంతా మెకానిక్ షెడ్డులో | తిరుపతి వ్లాగ్

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ వీడియో తిరుపతి నుంచి. నిజానికి ఇవాళ మీరు కాణిపాకం చూడాలి. చిత్తూరులో ఉన్న మా పిన్నికి మోకాళ్ళ నొప్పులు, గడప దాటి రెండేళ్ళవుతోంది. "పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు, అయినా వినాయకుణ్ణి చూడలేకపోతున్నా, నువ్వైనా ఫోన్లో చూపించు తల్లీ" అని అడిగింది. పిన్నీ, సారీ. కాణిపాకం రేపు తప్పకుండా. ఇవాళ మాత్రం మొత్తం కార్ కథే.

పొద్దున ఆరున్నరకి అమ్మ, నాన్న, నేను బయల్దేరాం. అమ్మ పులిహోర డబ్బాలో పెట్టింది. నాన్న డ్రైవింగ్. ఇది 2021లో కొన్న పెట్రోలు బండి. అలిపిరి దగ్గర దీనికి పూజ చేయించిన రోజు నేను బోస్టన్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా సరిగ్గా కనపడలేదు, సిగ్నల్ ఆగిపోయింది. అందుకే ఈ కార్‌లో ఎక్కినప్పుడల్లా నాకు కాస్త ఎక్కువ ముద్దొస్తుంది.

చంద్రగిరి కోట కొండ కనబడే చోటికి వచ్చాక డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలిగింది. ఆ వెంటనే పికప్ పోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ముప్పై దాటదు. వెనక లారీలు హారన్లు. అమ్మ "వినాయకుడా, నీ దగ్గరికే కదయ్యా వస్తున్నాం" అంటోంది. నాన్న మెల్లగా యూటర్న్ తీసుకుని వెనక్కి తిప్పారు.

మొదట కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళాం. కౌంటర్‌లో అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. స్కానర్ పెట్టి చూశారు. యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్ కోడ్ వచ్చిందట. పెడల్ యూనిట్ మార్చి చూడాలి, తొమ్మిది వేలు. అప్పటికీ పోకపోతే వైరింగ్ కిట్ మొత్తం, నలభై ఐదు వేల పైన. పార్టు చెన్నై నుంచి రావాలి, నాలుగు రోజులు. ఆ అబ్బాయి మోసం చేస్తున్నాడని నేను అనను. అతని దగ్గరున్న చార్టులో వరసగా మార్చాల్సిన పార్టులే ఉంటాయి. నాకు ఆరు రోజుల్లో ఫ్లైట్. నేను కార్డు తీయబోతుంటే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. "పద, అన్న దగ్గరికి పోదాం."

అన్న అంటే రేణిగుంట రోడ్డు వైపు వేపచెట్టు కింద షెడ్డు ఉన్న మెకానిక్. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ నాన్న స్కూటర్ దగ్గర్నుంచి అన్నీ ఆయన చేతి మీదే. "ఏమ్మా, బాగుండావా? ఎప్పుడొచ్చినావు?" అని స్టూలు తుడిచి వేశారు. ఆయన గురించి మీకు ఒక మాట చెప్పాలి. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా తిరుమల ఘాట్ రోడ్డు మీద. దిగే రోడ్డు 1944లో వేసింది, ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ దిగే రోడ్డులో బ్రేకులు పొగలొచ్చి ఆగిపోయిన బళ్ళ దగ్గరికి సైకిల్ మీద పానాల సంచితో పోయేవారట. పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దిగేవాళ్ళు. ఇంజిన్ ఆగితే బ్రేకుకి వచ్చే బూస్టు పోతుంది, కాలి బలం ఒక్కటే మిగులుతుంది. వాసన చూసి బ్రేక్ లైనర్ కాలిందా, క్లచ్ ప్లేటు కాలిందా చెప్పేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను అమెరికాలో ఉండి నమ్మిన మాట ఒకటుంది: ఇప్పటి కార్లు కంప్యూటర్లు, వీధి షెడ్డు వాళ్ళకి అర్థం కావు, కంపెనీకే ఇవ్వాలి అని. ఇవాళ మధ్యాహ్నం అది చాలావరకు తప్పని నా కళ్ళతో చూశాను.

అన్న ప్లాస్టిక్ కవర్ చుట్టిన ట్యాబ్ తీశారు. వాయిదాల మీద కొన్న స్కానర్, అరవై వేల పైన అయ్యిందట, ప్రతి ఏడాదీ అప్‌డేట్ కోసం మళ్ళీ కట్టాలి. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, దాంట్లో పెట్టారు. అదే కోడ్ వచ్చింది. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "కోడ్ అంటే జబ్బు పేరు కాదమ్మా, ఎక్కడ నొప్పో చెప్తుంది, అంతే" అన్నారు.

పాత బళ్ళలో యాక్సిలరేటర్ తొక్కితే కేబుల్ లాగేది. ఇప్పుడు కేబుల్ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి. కాలు ఎంత నొక్కిందో రెండూ కంప్యూటర్‌కి చెప్తాయి. మా బండిలో ఒకటి చెప్పే లెక్కకి రెండోది సరిగ్గా సగం చెప్పాలి. రెండు లెక్కలూ కలవకపోతే ఎవరిని నమ్మాలో కంప్యూటర్‌కి తెలియదు, ప్రమాదం ఎందుకని ఇంజిన్‌ని కట్టేస్తుంది. చంద్రగిరి దగ్గర మాకు జరిగింది అదే. బండి చెడిపోలేదు, జాగ్రత్త పడింది.

అన్న ట్యాబ్‌ని నా చేతిలో పెట్టారు. "ఈ రెండు అంకెలు చూస్తుండు. ఏదైనా ఎగిరితే చెప్పు." నాన్నకి టార్చి ఇచ్చారు. పెడల్ వదిలేసి ఉంది, తెర మీద 0.8, 0.4 వోల్టులు. సరిగ్గా సగం. అంటే పెడల్ బాగానే ఉంది! తర్వాత ఆయన బ్యానెట్ కింద వైర్ల కట్టని పట్టుకుని, పాప జడ విప్పినట్టు మెల్లగా అంగుళం అంగుళం కదుపుతూ పోయారు. బ్యాటరీ వెనక్కి వచ్చేసరికి రెండో అంకె టక్కున సున్నా. "అన్నా, పోయింది!" అని అరిచాను. నల్ల టేపు విప్పితే అక్కడ కొబ్బరి పీచు, సగం తిన్న కొబ్బరి ముక్క, వేపాకులు. చక్కగా ఎలుక కాపురం. ఒక సన్నటి వైరు తోలు ఊడి, లోపలి రాగి తీగల్లో రెండు మూడే మిగిలి ఉన్నాయి. గతుకు పడినప్పుడల్లా తగిలీ తగలక ఉంటోంది.

వైరు కోసి, కొత్త ముక్క సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి వేడి చేశారు. మళ్ళీ టేపు. కోడ్ తీసేశారు. నాన్న, ఆయన కలిసి రేణిగుంట వరకు పోయి వచ్చారు. బిల్లు 700 రూపాయలు. డాలర్‌కి 85 లెక్కన వేసుకున్నా ఎనిమిది డాలర్ల పై చిల్లర. వెయ్యి ఇస్తే మూడు వందలు తిరిగి నాన్న జేబులో పెట్టేశారు. ఎలుకలకి కలరా ఉండలు, పొగాకు కాడలు గుడ్డలో కట్టి పెట్టమన్నారు.

అమెరికాలో నాకేం జరిగిందో చెప్తాను. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రతి బండికీ ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ ఉండాలి. 35 డాలర్లు, అంటే దాదాపు మూడు వేలు. అక్కడా ఇదే పదహారు పిన్నుల సాకెట్‌లో పెట్టి చూస్తారు. ఇంజిన్ లైట్ వెలిగి ఉంటే ఫెయిల్. ఒక చలికాలం నాకు ఆ లైట్ వచ్చింది. షోరూమ్ సర్వీస్‌కి వెళ్ళాను. లోపలికి రానివ్వరు, ఇన్సూరెన్స్ రూల్ అంటారు. అద్దాల గదిలో కాఫీ మెషీన్ పక్కన రెండున్నర గంటలు కూర్చున్నాను. నా బండి ఎక్కడుందో కూడా కనపడదు. చివరికి కాగితం ఇచ్చారు: పెట్రోల్ ట్యాంకు మూత రబ్బరు చీలింది, ఆవిరి లీకవుతోంది. జబ్బు కనిపెట్టినందుకే 180 డాలర్లు. 15,300 రూపాయలు! మూత డబ్బులు వేరే. డబ్బు కంటే నాకు ఆ గది బాధ ఎక్కువ గుర్తుంది. ఎనిమిదేళ్ళుగా అక్కడ కారు నడుపుతున్నాను, ఇవాళే మొదటిసారి ఒకరు నన్ను పిలిచి "ఇది చూడు, ఇలా జరిగింది" అన్నారు.

కానీ అక్కడ ఒక మంచి పని కూడా జరిగింది, అది మనవాళ్ళకి తెలియాలి. 2012లో మసాచుసెట్స్ జనం ఓటేసి రైట్ టు రిపేర్ చట్టం తెచ్చుకున్నారు. కంపెనీ తన డీలర్లకి ఇచ్చే రిపేరు సమాచారం, టూల్స్ బయటి గ్యారేజీలకి కూడా న్యాయమైన ధరకి అమ్మాలి. తర్వాత కార్లు గాలిలోనే డేటాని కంపెనీకి పంపడం మొదలైంది. ఆ డేటా బయటి గ్యారేజీలకీ అందాలా అని 2020లో మళ్ళీ ఓటు పెట్టారు. ఆ నెలంతా టీవీలో అవే ప్రకటనలు, మీ డేటా దొంగల పాలవుతుందని భయపెట్టేవి కూడా. అయినా నూటికి దాదాపు 75 మంది అవుననే ఓటేశారు. కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి, ఏళ్ళు నడిచింది. నాకు అక్కడ ఓటు లేదు, వీసా మీద ఉన్నాను. కానీ ఆ రాత్రి లెక్కింపు చూస్తూ ఈ వేపచెట్టు షెడ్డే గుర్తొచ్చింది.

మన దగ్గర కూడా 2014లో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైన జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, టూల్స్ బయటి మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదని. అది అప్పీళ్ళలోకి వెళ్ళింది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. అన్నకి చెప్తే ఆశ్చర్యపోయారు. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కరూ చెప్పలేదు.

అన్నీ ఆయన చేయగలరని చెప్పడం లేదు. షెడ్డు మూలన ఒక కొత్త బండి ఉంది. ఓనర్ ముందు అద్దం బయట తక్కువకి మార్పించుకున్నారు. అద్దం వెనక, రోడ్డు గీతలు చూసే కెమెరా ఉంటుంది. అప్పట్నుంచీ అది పనిచేయట్లేదు. నా బండికి హైవే మీద రాయి తగిలినప్పుడు నేను చూశాను: నేల సమంగా ఉండాలి, కొలత ప్రకారం ఎదురుగా గుర్తుల బోర్డు నిలబెట్టాలి, కెమెరాకి మళ్ళీ చూపు నేర్పాలి. అద్దంతో కలిపి బిల్లు 1,340 డాలర్లు, లక్షా పద్నాలుగు వేలు. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బతికిపోయాను. కాసింత వాలినా ఆ కెమెరా పక్క లేన్‌ని మన లేన్ అనుకుంటుంది. మట్టి నేల మీద అది కుదరదు, అన్న కూడా కుదరదనే అన్నారు. ఎలక్ట్రిక్ బళ్ళ బ్యాటరీ కూడా ఆయన ముట్టుకోరు. "వందల వోల్టులు ఉంటాయమ్మా, నేర్పకుండా ముట్టుకుంటే ప్రాణం పోతుంది. నేర్పితే ఎందుకు ముట్టుకోను?"

ఆయనకి అసలు బాధ వేరే. కొన్ని కొత్త బళ్ళలో స్కానర్ పెడితే కోడ్ కనపడుతుందట, తీసేయాలంటే మాత్రం కంపెనీ లాగిన్ కావాలి. "చదవనిస్తుంది, రాయనివ్వదు. పని నాకు తెలుసు, చేయగలను, తాళం వాళ్ళ దగ్గరుంది." ఈ మాట అన్నప్పుడు ఆయన చేతిలో పానా ఊరికే తిప్పుతూ ఉన్నారు.

2020 ఏప్రిల్ 1 నుంచి బళ్ళ పొగకి బీఎస్6 అనే కొత్త రూల్స్ వచ్చాక సెన్సార్లు బాగా పెరిగాయి. అది గాలి కోసం, మంచిదే. ఆయన ఆ సెన్సార్లన్నీ నేర్చుకున్నారు. నెల్లూరు, వేలూరు, కడప మెకానిక్‌లతో వాట్సాప్ గ్రూప్ ఉంది, రాత్రి పదింటికి కూడా ఒకరికొకరు వైరింగ్ ఫోటోలు పంపుకుంటారు. తెలియనిది నేర్చుకునే మనిషికి బండి ఎప్పుడూ మరీ కష్టం కాదు. దాచిపెట్టినదాన్ని మాత్రం ఎంత తెలివి ఉన్నా నేర్చుకోలేరు. నాకు కోపం దాని మీదే.

పులిహోర షెడ్డులోనే తిన్నాం, ఇద్దరు కుర్రాళ్ళకీ పెట్టాం. నాన్న టార్చి పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడ్డారు. వెలుగు కొంచెం వణుకుతోంది. పోయినసారి వచ్చినప్పుడు వణకలేదు. అన్న చూసి ఏమీ అనకుండా, నాన్న మోచేతి కింద పాత టైరు ఒకటి నిలబెట్టారు, ఆనుకోవడానికి.

వచ్చేటప్పుడు అన్న నా నంబరు అడిగారు. "ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని దొరుకుతాయమ్మా, సగం అర్థం కావు. ఫోటో పంపిస్తే చెప్తావా? పొద్దున పదింటికి నాకు పని మొదలు. అప్పుడు నీకు టైమెంత?" చలికాలంలో రాత్రి పదకొండున్నర. "పంపించన్నా, మేలుకునే ఉంటాను" అన్నాను. నిజంగా ఆ టైమ్‌కి రోజూ మేలుకునే ఉంటాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదయింది, మేడ మీద కూర్చుని ఇది రికార్డ్ చేస్తున్నాను. ఇందాకే మొదటి ఫోటో వచ్చింది. ఆ మూల బండి కెమెరా పేజీ, నూనె వేలిముద్రతో సహా. రేపు ఐదింటికే లేవాలి, పిన్నీ. ఈ పేజీ చదివి చెప్పి పడుకుంటాను.