గైడు కోసం వచ్చి కథల పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళు

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు స్టూడియోలో లేము. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక చిన్న పుస్తకాల కొట్టులో కూర్చున్నాం. మధ్యమధ్యలో ఆటో హారన్లు వినిపిస్తాయి, సర్దుకోండి. కొట్టు నడిపే అన్న పక్కనే ఉన్నారు, పేరు మాత్రం చెప్పొద్దన్నారు. అన్నా, మీ దగ్గర బాగా పోయే పుస్తకాలేవి?

అన్న: నిజం చెప్పమంటావా? గైడ్లమ్మా. డీఎస్సీ, గ్రూప్‌-2, కానిస్టేబుల్. ఉగాది ముందర పంచాంగాలు, బడులు తెరిచేటప్పుడు నోట్‌బుక్కులు. కొట్టు అద్దె వాటితోనే కడతా. కథలూ నవలలూ అదిగో, ఆ మూల రెండు అరలు.

యాంకర్: మేమొచ్చింది ఆ రెండు అరల కోసమే. కొండకొచ్చిన యాత్రికులు ఏమైనా కొంటారా?

అన్న: అన్నమయ్య కీర్తనలన్నీ ఉన్న పుస్తకం కావాలంటారు. ఆయన 32 వేలు రాశాడని చెబుతారు. రాగిరేకుల మీద మనకు దొరికినవే 12 వేలు దాటినాయి. ఒక్క పుస్తకంలో ఎట్లా పడతాయి? టీటీడీ వాళ్ళ పుస్తకాల స్టాలుకు పొమ్మంటా. సంపుటాలు అక్కడుంటాయి, ధర కూడా తక్కువ. నా బేరం పోతే పోయింది.

యాంకర్: (నవ్వు) వ్యాపారం బాగానే చేస్తున్నారన్నా! సరే, ఊరివాళ్ళు వచ్చి "మంచి పుస్తకం చెప్పండి" అంటే ఏమిస్తారు?

అన్న: ముందు మనిషిని చూస్తా. కాలేజీ తర్వాత చదవడమే మానేశాను అనేవాళ్ళకు కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". పలుచటి పుస్తకం. పందులు మేపే ముసలాయన, తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ సాయంత్రం అడవిలోకి పోతాడు. అది అక్కడ ఈని ఉంటుంది. చుట్టూ నక్కలు. కాపాడదామని దగ్గరికి పోతే, ఈనిన పంది కదా, పెంచినవాడిని కూడా రానివ్వదు. ఒక్క రాత్రిలో అయిపోయే కథ. సాయంత్రం మొదలుపెడితే నువ్వు కూడా ఆ రాత్రికే ముగించేస్తావు.

యాంకర్: ఆయన డాక్టరు కదన్నా?

అన్న: డాక్టరే. నిజామాబాద్ వైపు కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. అంత దూరాన ఉండి కూడా రాసింది ఎక్కువగా మన చిత్తూరు పల్లెల గురించే. 2015లో పోయారు. ఇప్పటికీ "మునెమ్మ" ఉందా అని అడుగుతూనే ఉంటారు. ఆడపిల్లలే ఎక్కువ అడుగుతారు.

యాంకర్: రచయిత నామిని పుస్తకాలు?

అన్న: అవి నేను ఊరికే ఇవ్వను. ముందు ఒక పేజీ గట్టిగా చదవమంటా.

యాంకర్: ఇక్కడేనా? కొట్టులో?

అన్న: ఇక్కడే, ఈ స్టూలు మీద కూర్చుని. "పచ్చనాకు సాక్షిగా" కళ్ళతో చదివితే కొందరు మొదటి పేరాలోనే తడబడతారు. అంతా మన పల్లె మాట కదా, అచ్చులో అట్లా చూసిన అలవాటు లేదు. నోటితో చదివితే ఆ తడబాటు ఉండదు. ఒక హాస్టల్ పిల్లాడు మోడల్ పేపర్ల కోసం వచ్చినాడు. చదవరా అన్నా. సగం పేజీకి నవ్వడం మొదలుపెట్టినాడు, తర్వాత సప్పుడు లేదు. "మా అమ్మ ఇట్లాగే తిడతాదన్నా" అన్నాడు. మోడల్ పేపర్లు మర్చిపోయి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయినాడు. మళ్ళీ సాయంత్రం పేపర్ల కోసం పరిగెత్తుకుంటూ వచ్చినాడనుకో.

యాంకర్: ఆ భాష మోటుగా ఉంటుందనేవాళ్ళు కూడా ఉన్నారు.

అన్న: ఉన్నారు. ఒకాయన ఇట్లాంటివి పిల్లల చేతికి ఇస్తారా అని నామీద కేకలేసినాడు. ఇంట్లో అమ్మా నాయనా మాట్లాడే మాట పుస్తకంలో ఉంటే తప్పేంది? నేనైతే ఇస్తా.

యాంకర్: మరి కాస్త నిదానంగా, మెత్తగా సాగేవి కావాలంటే?

అన్న: మధురాంతకం రాజారాం గారు. బడిపంతులు, దామలచెరువు. కథలకు 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాళ్ళబ్బాయి నరేంద్ర గారు మన ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పినారు. ఆయన నవల "మనోధర్మపరాగం"కు 2022లో అదే అవార్డు. తండ్రికీ కొడుక్కీ! దేవదాసి కుటుంబాల ఆడవాళ్ళ కథ అది. పెద్ద పుస్తకం. సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్ళకు చెబుతా, మిగతావాళ్ళకు తొందరపడి చెప్పను.

యాంకర్: సముద్రం పక్కన ఊళ్ళ కథలు ఏమైనా ఉన్నాయా? ఒక శ్రోత అడిగారు.

అన్న: తిరుపతిలో సముద్రం అడుగుతున్నారా! (నవ్వు) అయినా, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా అయినప్పటినుంచి మనకూ సముద్రం ఉందిలే. సూళ్ళూరుపేట, శ్రీహరికోట ఇటే వచ్చినాయి. ఆ వైపుకు స.వెం. రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు". ప్రళయకావేరి అంటే పులికాట్ సరస్సే. ఫ్లెమింగో ఫెస్టివల్‌కు పోయి ఫొటోలు తీసుకొస్తారు చూడు, వాళ్ళకు ఇదే ఇస్తా. అక్కడి పిట్టలు, చేపలు, చెట్లు, తిండి, ఆ దీవుల్లో మనుషులు ఎట్లా బతికారో అంతా ఉంటుంది. పేర్లు కొన్ని తెలియవు. తెలియకపోయినా ఆపొద్దు, రెండు కథలు దాటితే అలవాటైపోతుంది.

యాంకర్: ఇవన్నీ ఎప్పుడు అడిగినా దొరుకుతాయా?

అన్న: అదే బాధ. తక్కువ కాపీలు వేస్తారు. అయిపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో వేసినవాళ్ళకే తెలియదు. అందుకే ఈ నోట్‌బుక్కు. ఎవరు ఏది అడిగారో ఫోన్ నంబరుతో రాసిపెట్టుకుంటా, వచ్చిన రోజు ఫోన్ చేస్తా. కొందరు ఆ పుస్తకం అడిగిన సంగతే మర్చిపోయి ఉంటారు. అయినా వచ్చి తీసుకుంటారు.

యాంకర్: అయితే నాకు ప్రళయకావేరి ఇవ్వండన్నా.

అన్న: నువ్వు చివరిగా ఒక నవల పూర్తిగా చదివింది ఎప్పుడు?

యాంకర్: అదీ... డిగ్రీలో.

అన్న: అయితే కేశవరెడ్డి తీసుకుపో. అది అయిపోతే రా, ప్రళయకావేరి నీకోసం పక్కన పెడతా.