హలీం నక్కో

అందరికీ నమస్కారం. చెప్పులు బయటే వదిలి రమ్మన్నారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, నాకు హలీం నచ్చదు.

చూశారా, అప్పుడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇప్పుడు మీలో సగంమంది మనసులో ఏమనుకుంటున్నారో కూడా నాకు తెలుసు. "పాపం, సరైన చోట తినుండడు." ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను, అసలు ఈ రోజు మాట్లాడతానని ఒప్పుకున్నదే ఆ మాట కోసం.

నేను 2004లో వరంగల్ నుంచి హైదరాబాద్‌కి ఉద్యోగానికి వచ్చి చిక్కడపల్లిలో రూమ్‌లో దిగాను. ఆ ఏడు రంజాన్ నెలలో మా రూమ్‌లో పెద్దాయన, నిజామాబాద్ అన్న, స్కూటర్ మీద ఎక్కించుకుని చార్మినార్ వైపు తీసుకెళ్లాడు. రాత్రి తొమ్మిదికి ఆ వీధులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. హలీం గిన్నె చేతికొచ్చింది, మాంసం, గోధుమ కలిపి ఉడికించి దంచిన ముద్ద, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయ, జీడిపప్పు, పక్కన నిమ్మచెక్క. వాసన అద్భుతం, అబద్ధం ఎందుకు చెప్పాలి. చెంచా పెట్టి ఎత్తితే కింద నుంచి సన్నగా తీగలు సాగుతూ వచ్చాయి. నోట్లో పెట్టుకున్నాక అది నమలాలో మింగాలో అర్థం కాలేదు. మాంసం రుచి ఉంది, మాంసం లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ గోధుమరవ్వ జావ కాచి ఇచ్చేది, నాలుక మీద సరిగ్గా ఆ జావ వచ్చి కూర్చుంది, దాంతోపాటు దుప్పటి, క్రోసిన్, అన్నీ. అన్నేమో నా మొహంలోకి టెన్త్ రిజల్ట్ చూసినట్టు చూస్తున్నాడు. "ఎట్లుంది రా?" అన్నాడు. "బాగుందన్నా" అన్నాను. అంతే, ఇంకో ప్లేట్ తెచ్చాడు.

అప్పట్నుంచి నిజమే చెప్తున్నాను. నిజం ఇంకా ఎక్కువ ఖర్చవుతుందని ఆ తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఈ ఊళ్లో హలీం నచ్చదు అంటే ఎవరూ దాన్ని అభిప్రాయంగా తీసుకోరు, జబ్బు అనుకుంటారు, ప్రతి ఒక్కడి దగ్గరా ఒక మందు ఉంటుంది. ఆఫీసులో ఒకాయన టోలిచౌకి తీసుకెళ్లాడు. ఇంకొకాయన అదంతా దండగ, షాలిబండ వైపు రా అన్నాడు. మా ఇంటి ఓనర్ సికింద్రాబాద్‌లో ఒక చోటు ఉంది, మసాలా తక్కువ అన్నాడు. చికెన్‌తో చేసింది తినిపించారు, చేపలతో చేసింది తినిపించారు, ఒక ఏడు ఈము పక్షి మాంసంతో కూడా. మొత్తానికి ఏమైందంటే, హలీం అంటే ప్రాణమిచ్చేవాళ్లు వాళ్ల ఒక్క హోటల్‌కే ఏటా పోతారు గదా, నేను మాత్రం అందరి హోటళ్లూ తిరిగాను. మీ అందరికంటే ఎక్కువ చోట్ల హలీం తిన్నది నచ్చని నేనే. సరైన చోటు మిగిలి ఉంటే చెప్పండి, వస్తాను, డబ్బులు మీవి.

మటన్ పడదా అని అడుగుతారు. పడుతుంది. మా ఇంట్లో గోంగూర మటన్ వండితే చివరి ముక్క కోసం మా అబ్బాయితో గొడవ పడతాను. పాయా అంటే, అదే మేక కాళ్ల పులుసు, ఇష్టం, అందులో జిగురు ఉన్నా పులుసు పులుసుగా, ముక్క ముక్కగా ఉంటుంది, ఎవరి మర్యాద వాళ్లది. మరి సంగతేంటని చాలా ఏళ్లు ఆలోచించాను (ఇలాంటివే ఆలోచిస్తాను, అందుకే ప్రమోషన్లు రాలేదు). చివరికి అది మా అమ్మ బెండకాయ వేపుడు దగ్గర దొరికింది.

అమ్మ బెండకాయలు కడిగి, ఒక్కొక్కటీ బట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తరిగేది. మూకుడు మీద మూత పెట్టనిచ్చేది కాదు. పక్కన ఎవరైనా గరిటె ఎక్కువ తిప్పితే అరిచేది. చేమదుంపలైతే ఉడకబెట్టి, తొక్క తీసి, నూనెలో కరకరలాడేదాకా వేయించేది, లేకపోతే చింతపండు పులుసులో పడేసేది. ఈ తతంగం అంతా దేనికి? జిగురు పోవాలని. మా ఇంట్లో "జిగురు జిగురుగా ఉంది" అంటే వంట చెడింది అని అర్థం. పాతబస్తీలో అదే జిగురుని "లేస్" అంటారు, అక్కడ అది మెచ్చుకోలు, చెంచా ఎత్తితే తీగ సాగకపోతే డబ్బులు దండగ అంటారు. ఒక వంటింట్లో అరగంట చెమటోడ్చి పోగొట్టేదాన్ని ఇంకో వంటింట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెమటోడ్చి తెప్పిస్తున్నారు. నా నాలుక మొదటి వంటింట్లో పెరిగింది, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి దాన్ని మార్చుకోమంటే ఎక్కడ మారుతుంది.

చెమట అని ఊరికే అనట్లేదు. మిగతావాళ్లు తింటుంటే నాకు పని ఉండదు కాబట్టి భట్టీ దగ్గర నిలబడేవాణ్ణి. రంజాన్ ముందు హోటళ్ల బయట ఇటుకలు, మట్టితో కట్టే ఆ పొయ్యిల్లో దేగ్‌లు, అంటే పెద్ద వంటపాత్రలు, దించి ఉంటాయి, వాటి మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మనిషంత పొడుగు చెక్క ఘోట్నాతో దంచుతుంటారు. ఒకడిది లేస్తే ఒకడిది పడాలి, తాళం తప్పితే పక్కవాడి చేతులకు తగులుతుంది. మెడకు చుట్టిన తువ్వాలు పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. ఎముక తీసేసిన మాంసం, నానబెట్టిన గోధుమ ఆ సన్న మంట మీద గంటల తరబడి ఉడికేసరికి మాంసంలోని కొలాజెన్ అనే ప్రోటీన్ కరిగి జిగురులాంటి జెలటిన్ అవుతుంది, గోధుమలోని పిండి విచ్చుకుంటుంది, ఆ దెబ్బలకు మాంసం పీచు పీచుగా విడిపోయి అందులో కలిసిపోతుంది. నాకు నచ్చని ఆ తీగ అలా పుడుతుంది. ఒకసారి అలా చూస్తుంటే దంచే కుర్రాడు గిన్నె చూపించి తినమన్నట్టు తలాడించాడు. "నక్కో భాయ్" అన్నాను. వద్దు అనడానికి ఇంత మెత్తటి మాట ఇంకే భాషలోనూ లేదని నా నమ్మకం, దక్కనీకి, అదే మన హైదరాబాదీ ఉర్దూకి, ఆ ఒక్క మాటకు రుణపడి ఉంటాను. కుర్రాడు నవ్వి మళ్లీ దంచుకున్నాడు. ఇన్నేళ్లలో కారణం అడగనిది అతనొక్కడే.

2010లో హైదరాబాదీ హలీంకి జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అనే గుర్తింపు వచ్చింది, మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి అది రావడం అదే మొదలు. దానికో లెక్క కూడా ఉంది. మేక మాంసమే వాడాలి, 10 పాళ్ల మాంసానికి 4 పాళ్ల గోధుమ, రాగి పాత్ర, కట్టెల మంట, 12 గంటలు. 2022లో జీఐ ఉన్న తిండి పదార్థాల్లో ఏది ఎక్కువ ఇష్టమని దేశమంతా ఓట్లు అడిగితే రసగుల్లాని, బికనీర్ భుజియాని దాటి ఇదే గెలిచింది. నేను ఓటెయ్యలేదు. వేసినా డిపాజిట్ దక్కేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నా కేసుని కాస్త బలహీనపరుస్తుంది. హలీం మూలం హరీస్ అనే అరబ్బు వంట, ఆ పేరు వచ్చిందే దంచడం అన్న మాట నుంచి, 10వ శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలోనే అది ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాముల సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటే మన బార్కస్. అక్కడ పొద్దున్నే నాస్తాకి హరీస్ తింటారు, చక్కెర, నెయ్యి వేసుకుని తినే తీపి రకం కూడా ఉంటుంది. ఒక ఫ్రెండ్ పట్టుబట్టి తెల్లారకముందే తీసుకెళ్లాడు. తిన్నాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ప్లేట్ ఖాళీ చేశాను. తీపి జావ అంటే మా నాలుకకి పాయసం కింద లెక్క కదా, జ్వరం గుర్తు రాలేదు. ఆ ఫ్రెండ్ "చూశావా, నచ్చింది!" అని ఆఫీసంతా దండోరా వేశాడు. నచ్చింది హరీస్ రా బాబూ, హలీం కాదు, అన్నా వినేవాడెవడు.

అన్నిటికంటే కష్టం మా మామగారితో. ఆయనది నల్గొండ దగ్గర ఊరు, ఏటా రంజాన్‌లో ఏదో పని పెట్టుకుని దిగుతాడు. కంటి డాక్టర్ అంటాడు, బ్యాంకు పని అంటాడు, సాయంత్రం నమాజు అయ్యే వేళకి మాత్రం చొక్కా వేసుకుని రెడీగా ఉంటాడు. "అల్లుడూ, పోదామా?" గంటసేపు లైన్లో నిలబడేది నేను. పోయినేడు నా వెనక ఒకతను, ఊరికి కొత్తలా ఉంది, "అన్నా, ఇక్కడ స్పెషల్ తీసుకోవాలా, మామూలుదా?" అని అడిగాడు. స్పెషల్‌లో గుడ్డు, జీడిపప్పు ఎక్కువ, మామూలుదే దేగ్ అడుగు నుంచి వేడిగా వస్తుంది, షేరువా, అదే పల్చటి మసాలా పులుసు, అడిగి పోయించుకో, నిమ్మకాయ చివర్న పిండు, అని పావుగంట చెప్పాను. అతను మా మామగారికి దండం పెట్టి "మీ అల్లుడుగారు పెద్ద హలీం ప్రియుడండీ" అన్నాడు. మామగారు ఏమీ అనలేదు. గిన్నె రాగానే పైనున్న వేగిన ఉల్లిపాయలన్నీ చెంచాతో ఒక మూలకు తోసి, నిమ్మచెక్క దాని మీద పెట్టి, ఆ మూల నా వైపు తిప్పాడు. ఏటా అలాగే చేస్తాడు.

గుడ్డు మాత్రం ఇవ్వడు.