నొక్కే ముందు నాలుగు అంచులు

అందరికీ నమస్కారం.

మంచి ఫోటోకి ఖరీదైన కెమెరా కావాలంటారు చాలామంది. అంతకన్నా ముందు కావాల్సింది, నొక్కే ముందు ఫ్రేము నాలుగు అంచులూ ఒకసారి చూసుకునే అలవాటు. ఉదాహరణకి చార్మినార్‌నే తీసుకుందాం. హైదరాబాద్ చూసొచ్చిన ప్రతివాళ్ల ఫోన్లోనూ ఆ ఫోటో ఉంటుంది.

మామూలుగా ఎలా తీస్తాం? మనిషిని కట్టడం ముందు నిలబెట్టి, తల నుంచి చెప్పుల దాకా, సరిగ్గా మధ్యలో. వెనకున్న మినార్ నెత్తిమీద మొలిచినట్టు వస్తుంది. పైదాకా పట్టాలని దగ్గర్నుంచే ఫోన్ పైకెత్తితే మినార్లు లోపలికి వాలిపోతాయి. ఓ అంచున సగం ఆటో, ఇంకో అంచున ఎవరిదో మోచెయ్యి.

ఈసారి లాడ్ బజార్‌లోకి కొంచెం నడవండి. ఆ వీధి చార్మినార్‌కి పడమర వైపు ఉంది, కాబట్టి సాయంత్రం ఎండ మీ వెనకనుంచి వచ్చి కట్టడం మీద పడుతుంది. దూరం జరిగారు కనక ఫోన్ ఎత్తక్కర్లేదు, మినార్లు నిటారుగా నిలుస్తాయి. రెండువైపులా ఉన్న గాజుల దుకాణాల వరసలు మన చూపుని తిన్నగా చార్మినార్ దగ్గరికి తీసుకెళ్తాయి. అమ్మని ఫోటో తీయాలా? కట్టడం దగ్గరికి పంపకండి, మీ దగ్గరికే రమ్మనండి. నడుము వరకు చాలు. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలొస్తాయి. ఎడమ గీత మీద అమ్మ, పై గీతకి దగ్గరగా ఆవిడ కళ్లు. ఆవిడ ఫ్రేములో కుడి అంచు వైపు చూస్తుంటే ఆ వైపే ఖాళీ ఉంచండి. చార్మినార్‌కి చోటు అక్కడ.

అలాగని గ్రిడ్‌ని పట్టుకుని వేలాడకండి. చార్మినార్ ఆర్చ్ కింద నిలబడితే అటూ ఇటూ అంతా సమానంగా కనిపిస్తుంది, అక్కడ మధ్యలో పెట్టడమే అందం. ఆర్చ్ చీకటి చట్రమవుతుంది, బయటి వెలుతురు బొమ్మవుతుంది. ఆ వెలుతురులోకి ఎవరైనా నడిచొచ్చేదాకా ఆగండి.

ఇదే నగరంలో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. పలక వృథా కాకూడదంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో ముందే తేల్చుకోవాలి. ఫోన్ వచ్చాక మనం ఆ ఆలోచనే మానేశాం, నాకు బాధ కలిగేది అందుకే.

ఇప్పుడు టీ విరామం. జూమ్ ముట్టుకోకుండా, ఒకే వస్తువుని నిలబడి ఒకసారి, మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి తీసుకురండి. పిల్లల్ని తీసేవాళ్లు వాళ్ల కళ్ల ఎత్తుకి దిగండి. వచ్చాక రెండూ పక్కపక్కన ఈ తెర మీద వేసి చూద్దాం.