దేశబంధు చిత్తరంజన్ దాస్: అలీపూర్ కోర్టు నుంచి కాకినాడ కాంగ్రెస్ దాకా

శ్రోతలకు నమస్కారం.

సొంత అన్నకి ఉత్తరం రాస్తూ "ప్రియమైన సోదరా" అని మొదలుపెట్టి, కింద ఇంటిపేరుతో సహా సంతకం చేసే తమ్ముణ్ణి మీరెక్కడైనా చూశారా? బెంగాల్ విప్లవకారుల మీద 1908లో పెట్టిన అలీపూర్ బాంబు కేసులో ఇంచుమించు ఇదే ప్రశ్న లేచింది. అరవింద ఘోష్ ఇంట్లో దొరికిందంటూ పోలీసులు ఒక ఇంగ్లీషు ఉత్తరం దాఖలు చేశారు. దేశమంతటా మిఠాయిలు సిద్ధంగా ఉంచాలని తమ్ముడు బారీంద్ర రాశాడట. మిఠాయిలంటే బాంబులని ప్రాసిక్యూషన్ వాదన.

అరవిందుని తరఫు బారిస్టరు చిత్తరంజన్ దాస్ ఆ కాగితాన్ని పట్టుకున్నారు. బెంగాలీ ఇళ్ళలో మూడో అన్నని "సేజ్‌దా" అంటారు. "డియర్ బ్రదర్" అనరు, పూర్తి పేరుతో సంతకమూ చేయరు. పైగా ఉత్తరం మీద ఉన్నది సూరత్ చిరునామా, 1907 డిసెంబరు 27 తేదీ. అన్నదమ్ములిద్దరూ అప్పుడు కాంగ్రెస్ సభలకని సూరత్‌లోనే ఉన్నారు. ఒకే ఊళ్ళో ఉన్న అన్నకి, అంత గుట్టు విషయం, కాగితం మీద ఎందుకు పెడతాడు? జడ్జికి ఆ ఉత్తరం మీద నమ్మకం కుదరలేదు.

ఇంకో ముడి కూడా ఉంది. అప్రూవరుగా మారిన నరేన్ గోస్వామిని 1908 ఆగస్టు 31న జైల్లోనే తోటి ముద్దాయిలు కాల్చి చంపారు. డిఫెన్సు వారు క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశం రాకముందే సాక్షి పోతే, అతని వాంగ్మూలం నిలవదు. దాంతో ప్రాసిక్యూషన్‌కి కాగితాలే దిక్కయ్యాయి. ఆ కాగితాలు 4000 దాకా ఉన్నాయి. సాక్షులు 200 మందికి పైనే. అవతలి పక్షాన మద్రాసు బారులో పేరుమోసిన ఎర్డ్‌లీ నార్టన్. విచారణ 126 రోజులు సాగింది. 1909 మే 6న అరవిందుడు నిర్దోషిగా బయటికి వచ్చారు. ఒక చిత్రం చూడండి: జడ్జి బీచ్‌క్రాఫ్ట్ ఐ.సి.ఎస్. అధికారి, ముద్దాయి ఆ పరీక్ష రాసి గుర్రపు స్వారీకి వెళ్ళక పోగొట్టుకున్నవాడు, ముద్దాయి వకీలు అదే పరీక్ష తప్పినవాడు.

దాస్ 1870 నవంబరు 5న కలకత్తాలో పుట్టారు. పూర్వీకులది ఢాకా దగ్గరి విక్రంపూర్. తండ్రి భువన్ మోహన్ దాస్ హైకోర్టు అటార్నీ, చేతికి ఎముక లేని మనిషి. పరుల అప్పులకి పూచీపడి మునిగిపోయారు. 1906లో తండ్రీకొడుకులిద్దరూ ఐ.పీ. పెట్టాల్సి వచ్చింది. చట్టం లెక్కన ఆ బాకీలు ఇక తీర్చనక్కర్లేదు. అయినా 1913లో దాస్ అప్పులిచ్చినవాళ్ళందరికీ చెల్లించి, దివాలా ఉత్తర్వు రద్దు చేయించుకున్నారు. ఆ తర్వాత ఆయన రాబడి నెలకి 50,000 రూపాయల దాకా వెళ్ళిందంటారు.

1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెస్‌లో గాంధీగారి సహాయ నిరాకరణని దాస్ వ్యతిరేకించారు. డిసెంబరులో నాగపూర్‌లో అదే తీర్మానాన్ని తానే ప్రతిపాదించి, అంత ప్రాక్టీసునీ వదిలేశారు. మరుసటి డిసెంబరులో ముందు భార్య బసంతీదేవి ఖద్దరు అమ్ముతూ అరెస్టయ్యారు, కొద్ది రోజులకే ఆయనా జైలుకి వెళ్ళారు.

జైలు నుంచి వచ్చాక దాస్ వకీలు బుర్ర మళ్ళీ పని చేసింది. 1919 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం రెండు ముక్కలు. పోలీసు, ఆర్థికం, భూమిశిస్తు గవర్నరు చేతిలో. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు మంత్రుల చేతిలో. గవర్నరు పక్షానికి కౌన్సిల్, అంటే రాష్ట్ర శాసనసభ, డబ్బు కాదంటే, అవసరమని ఆయనే ధ్రువీకరించుకుని తీసుకోగలడు. మంత్రుల జీతాలకి ఆ దారి లేదు, సభ ఓటే కావాలి. కాబట్టి కౌన్సిల్‌ని బహిష్కరిస్తే లాభమేమిటి, లోపలికెళ్ళి జీతాలు ఆపుదాం అన్నారు దాస్. 1922 గయ కాంగ్రెస్‌కి ఆయనే అధ్యక్షుడు, అక్కడే ఈ మాట ఓడిపోయింది. పదవి వదిలేసి, 1923 జనవరిలో మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్య పార్టీ పెట్టారు. ఆ ఏటి ఎన్నికల్లో బెంగాల్ కౌన్సిల్‌లో అన్నిటికన్నా పెద్ద పార్టీ అయింది. మంత్రివర్గం ఏర్పరచమని గవర్నరు లిట్టన్ పిలిస్తే దాస్ ఒప్పుకోలేదు. 1924లో జీతాల గ్రాంటు వీగిపోయింది, మంత్రులు ఫజ్లుల్ హక్, ఘజ్నవీ రాజీనామా చేశారు. ఆ శాఖలూ గవర్నరే తీసుకున్నాడు. యంత్రం ఆగింది నిజమే. మంత్రుల చేతిలో ఉన్న కాస్తా గవర్నరుకే పోయిందన్నదీ నిజమే.

కౌన్సిల్‌లో గెలవాలంటే ముస్లిం సభ్యుల ఓట్లు కావాలి. బెంగాల్ జనాభాలో సగానికి పైగా ముస్లింలు, సర్కారు కొలువుల్లో మాత్రం కొద్దిమందే. 1923 డిసెంబరులో దాస్ హిందూ ముస్లింల మధ్య ఒక ఒప్పందం రాయించారు, బెంగాల్ ఒప్పందమంటే ఇదే. కౌన్సిల్‌లో జనాభాని బట్టి సీట్లు, జిల్లా సంస్థల్లో అక్కడ ఏ మతం వారు ఎక్కువైతే వారికి నూటికి 60, తక్కువున్నవారికి 40 పాళ్ళు, ఉద్యోగాల్లో ముస్లింలకి 55 శాతం. మసీదు ముందు మేళతాళాలు ఉండవు, మతాచారంగా చేసే గోవధకి అడ్డుచెప్పరు. కేవలం ఆశయాలు కాదు, అమలుకి పనికొచ్చే లెక్కలివి.

ఆ నెలాఖరులోనే మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. ఆహ్వాన సంఘాధ్యక్షులు కొండా వెంకటప్పయ్య పంతులుగారు, సభాధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ. ఇష్టమున్న కాంగ్రెస్ వారు కౌన్సిళ్ళకి పోటీ చేయవచ్చని అంతకుముందు ఢిల్లీ కాంగ్రెస్‌లో కుదిరిన రాజీని సభ ఖాయపరిచింది. బెంగాల్ ఒప్పందాన్ని మాత్రం తోసిపుచ్చింది. తీర్మానంలోంచి ఒప్పందాన్ని కొట్టేయగలరు గాని కాంగ్రెస్‌లోంచి బెంగాల్‌ని కొట్టేయలేరని దాస్ అక్కడే తేల్చి చెప్పారు. తిరిగి వెళ్ళి 1924లో సిరాజ్‌గంజ్ రాష్ట్ర మహాసభలో దాన్ని నెగ్గించుకున్నారు.

అదే ఏడు కలకత్తాకి మేయరయ్యారు. డిప్యూటీ మేయరుగా సుహ్రావర్దీ, కార్పొరేషన్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా 27 ఏళ్ళ సుభాస్ బోస్. బోసుకి జీతం 3,000 రూపాయలు, తీసుకున్నది 1,500. అక్టోబరులో అతణ్ణి విచారణ లేకుండా జైల్లో పెట్టారు.

అప్పటికే దాస్ ఆరోగ్యం దెబ్బతింది. 1925 జూన్ 16న డార్జిలింగ్‌లో కన్నుమూశారు. కలకత్తాలో శవయాత్ర ముందు గాంధీగారు నడిచారు. రస్సా రోడ్డులోని ఆయన ఇల్లు, గాంధీగారు పోగుచేసిన నిధితో, ఆడవాళ్ళ ఆస్పత్రి అయింది. ఆ ఒప్పందాన్ని మాత్రం మరుసటేడు కృష్ణనగర్ మహాసభలో బెంగాల్ కాంగ్రెస్ వాళ్ళే రద్దు చేశారు.